ఎనిమిదేళ్ళ నాన్నగారి గురక

మా అమ్మ సంపూర్ణమ్మ తన మనవణ్ని "ఏమండీ" అని పిలిచేది. మనవడికి ఎనిమిదేళ్ళు. మూడో తరగతి. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటాడు. వాడు స్నానాల గదిలోంచి తువ్వాలు లేకుండా పరిగెత్తుకొస్తే అమ్మ పైట సర్దుకుని పక్కకు తప్పుకునేది. ఇదేదో నేను కల్పించి చెబుతున్నది కాదు. భవానీపురంలో మా తమ్ముడి ఇంటికి వచ్చినవాళ్ళంతా కళ్ళారా చూసిందే.

నేను ఆవిడ కూతుర్ని, ఉషశ్రీని. ఇరవయ్యేళ్ళుగా తపాలా ఆఫీసు కౌంటర్లో కూర్చుంటున్నాను కాబట్టి నా గొంతు కొంచెం పెద్దది, ఓపిక కొంచెం చిన్నది. మా ఇల్లు తమ్ముడి ఇంటికి రెండు వీధుల అవతల. ఆ వైభోగమంతా రోజూ చూడాల్సిన కర్మ అలా పట్టింది నాకు.

మా నాన్న పేరు రామకోటేశ్వరరావు. ఆయన పోయిన రెండేళ్ళకు తమ్ముడు లక్ష్మీకాంత్‌కి కొడుకు పుడితే తాత పేరే పెట్టారు. అమ్మ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు కదా. సరే, బాబూ అనో చిన్నా అనో పిలుచుకుంటే సరిపోయేది. నాలుగేళ్ళ దాకా అలాగే పిలిచింది కూడా. ఆ తర్వాత వాడు గురక పెట్టడం మొదలుపెట్టాడు.

ఇక్కడ మా నాన్న గురక గురించి చెప్పాలి. ఆయన కంకిపాడులో ఒక రైసు మిల్లుకి నైట్ వాచ్‌మన్. గేటు పక్కనే మాకు రెండు గదుల ఇల్లు ఇచ్చారు. రాత్రి తొమ్మిదింటికి నాన్న గేటు దగ్గర నవారు మంచం వాల్చి, కర్ర పక్కన పెట్టుకుని కాపలా మొదలుపెట్టేవారు. పదింటికల్లా గురక. మామూలు గురక కాదండీ, ధాన్యం బస్తాల మీద పడుకున్న పిల్లులు లేచి వెళ్ళిపోయేవి. ఒకసారి దొంగల ముఠా ఒకటి పట్టుబడితే, చుట్టుపక్కల మిల్లులన్నీ దోచి ఆ ఒక్కదాన్నీ ఎందుకు వదిలేశారని పోలీసులు అడిగారట. అక్కడ రాత్రంతా మిషను ఆడుతూనే ఉంటుందండీ, మనుషులుంటారని వెళ్ళలేదన్నారట. అది విని మిల్లు యజమాని నాన్నకు కొత్త దుప్పటి కొనిచ్చి, ఎట్టి పరిస్థితుల్లోనూ మేలుకోవద్దని మరీ మరీ చెప్పాడు. నిద్రపోయినందుకు మెప్పు పొందిన వాచ్‌మన్ మా నాన్న ఒక్కరే అయ్యుంటారు.

అమ్మ తలుపు ఇవతల పడుకునేది. ముప్ఫై నాలుగేళ్ళు ఆ చప్పుడులోనే నిద్రపోయింది. గురక ఆగితేనే ఆవిడకు మెలకువ వచ్చేది. ఒకరోజు తెల్లవారేసరికి నాన్న ఆ మంచం మీదే పోయి ఉన్నారు. పుణ్యాత్ముడు, ఎవరిచేతా చేయించుకోకుండా నిద్రలో వెళ్ళిపోయాడని వచ్చినవాళ్ళంతా అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. ఏడవనూ లేదు.

తమ్ముడు ఆవిణ్ని భవానీపురం తీసుకొచ్చాడు. ఇక్కడ నిశ్శబ్దానికి ఆవిడకు నిద్ర పట్టేది కాదు. లారీల చప్పుడు పనికిరాలేదు, టీవీ పనికిరాలేదు. రెక్క వంకరపోయిన పాత టేబుల్ ఫ్యాను ఒకటి ఎక్కడో వెతికి తెచ్చి తలదగ్గర పెడితే కొంత నయమనిపించింది. అయినా రాత్రుళ్ళు లేచి కూర్చునేది. ఆరేళ్ళు అలాగే గడిచాయి.

నాలుగేళ్ళు నిండిన ఏడు వానాకాలంలో పిల్లవాడికి జలుబు చేసి, తగ్గి, మళ్ళీ చేసి, ముక్కు మూసుకుపోయింది. నోరు తెరిచి పడుకోవడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ గోంగూర వలుస్తుంటే లోపలి గదిలోంచి గురక వినిపించింది. చేతిలో కట్ట జారిపోయింది. గుమ్మం దాకా వెళ్ళి నిలబడి, "వచ్చారు," అంది. మా మరదలు సింధూరి ఎవరొచ్చారో అని గేటు దాకా వెళ్ళి చూసొచ్చింది.

ఆ రాత్రి అమ్మ మనవడి పక్కన పడుకుని ఎనిమిది గంటలు ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది. ఆ ఒక్క కారణంగానే మేమంతా నోరు మెదపలేదు. మనిషి నిద్రపోతోంది కదా, ఏదో ఒకటి అనుకోనీ అనుకున్నాం. మా బుద్ధి గడ్డి తింది.

మర్నాటి నుంచీ వాడు మా నాన్నగారైపోయాడు. పొద్దున్నే స్టీలు గ్లాసులో కాఫీ, చేతికి పేపరు. వాడికి అందులో బొమ్మలు తప్ప ఏమీ అక్కర్లేదు, అయినా కాలు మీద కాలేసుకుని పేజీలు తిప్పేవాడు. భోజనానికి మొదటి వడ్డన వాడికే. ఎక్కాలు అప్పజెప్పలేదని సింధూరి చెయ్యెత్తితే, మామగారి మీద చెయ్యెత్తుతావా అని అమ్మ మధ్యలో అడ్డం నిలబడేది. 'ఒరే కోటీ' అని పిలవడానికి కూడా లేదు. పాపం ఆ పిల్ల కన్నకొడుకుని పక్కింట్లోకి తీసుకెళ్ళి తిట్టుకుని వచ్చేది.

ఈ వార్త కంకిపాడు చేరింది. ఆదివారం మధ్యాహ్నాలు చుట్టాలు రావడం మొదలుపెట్టారు. గురక వినడానికి, అంతే. పిల్లవాడు పప్పుచారు తిని పడుకుంటే మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళు. మిల్లు యజమాని ఒకరోజు వచ్చి, కళ్ళు మూసుకుని విని, కొంచెం సన్నగా ఉంది కానీ బాణీ అదేనని ధ్రువీకరించి వెళ్ళాడు. పగటి వాచ్‌మన్‌గా నాన్నతో కలిసి పనిచేసిన బసవపున్నయ్య అయితే మంచం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, పద్దెనిమిదేళ్ళ కిందట నాన్న టార్చిలైటు తీసుకున్నది తనేనని ఒప్పుకున్నాడు. పిల్లవాడు నిద్రలో "ఊఁ" అన్నాడు. క్షమించేశారని బసవపున్నయ్య భోరుమన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

ఎందుకంటే ఈలోగా పిల్లవాడు పాడైపోతున్నాడు. పొద్దున్నే తలనొప్పి అంటూ లేచేవాడు. ఎనిమిదేళ్ళొచ్చినా పక్క తడిపేవాడు. కళ్ళకింద నల్లటి చారలు. బళ్ళో రెండో పీరియడుకే బల్లమీద తల వాల్చేవాడు. టీచరు డైరీలో రాసి పంపిస్తే అమ్మ చదివించుకుని, "పాపం రాత్రంతా డ్యూటీ కదే," అంది. అలా అన్నప్పుడు ఆవిడ మొహంలో చిన్నపాటి జాలి కూడా కనబడింది నాకు. పక్క తడపడం ఒక్కటీ మాత్రం నాన్న పోలిక కాదని ఒప్పుకుని, ఆ దుప్పట్లు గుట్టుగా తనే ఉతికేది.

ఇక పళ్ళు. పాలపళ్ళు ఊడి వచ్చిన పై పళ్ళు రెండూ ముందుకు తోసుకొచ్చాయి. పెదాలు కలవవు. నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నాన్నవీ ఎత్తుపళ్ళే. అమ్మ పిల్లవాణ్ని నాన్న ఫోటో పక్కన నిలబెట్టి, ఇంకేం రుజువు కావాలే మీకు అని నన్ను నిలదీసింది. ఏం మాట్లాడతాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

బళ్ళో పిల్లలు వెక్కిరిస్తున్నారని వాడు ఏడిస్తే, పళ్ళకు క్లిప్పు వేయించుదామని సింధూరి బయల్దేరింది. భవానీపురంలోనే పిల్లల పళ్ళ డాక్టరు నజీరా గారని ఉన్నారు. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. అమ్మ వద్దంటే వినకుండా వచ్చింది. కౌంటర్లో అమ్మాయి పేషెంటు పేరు అడిగితే, మేము నోరు తెరిచేలోగానే, మా వారి పేరమ్మా, నేను చెప్పకూడదు అంది అమ్మ. వయసు ఎంతని అడిగితే ఎనిమిది అంది. ఆ అమ్మాయి కలం అక్కడే ఆగిపోయింది.

నజీరా గారు వాడి నోట్లో లైటు వేసి చూశారు. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి పీల్చమన్నారు. ఎనిమిది అంకెలు లెక్కపెట్టేలోగా మొహం ఎర్రబడి నోరు తెరిచేశాడు. అప్పుడావిడ పళ్ళ సంగతి పక్కన పెట్టి, పిల్లవాడు ఎలా నిద్రపోతాడని అడిగారు. అమ్మ వెంటనే అందుకుని, మిల్లు, దొంగలు, పిల్లులు, కొత్త దుప్పటి అన్నీ చెప్పింది. డాక్టరుగారు నవ్వలేదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం.

ఆవిడ చెప్పింది ఇదీ. ముక్కుతో ఊపిరి ఆడే పిల్లలకి నాలుక అంగిటికి ఆని ఉంటుంది, పై దవడ వెడల్పుగా ఎదుగుతుంది. ముక్కు మూసుకుపోయి నోటితో పీలిస్తే నాలుక కిందికి జారుతుంది, దవడ ఇరుకైపోతుంది, పళ్ళు చోటు లేక ముందుకొస్తాయి. ఇంట్లో పోలిక కూడా కొంత ఉండొచ్చు. ముందు ముక్కు డాక్టరుకి చూపించమని రాసిచ్చారు. ఆయన ఎక్స్‌రే తీసి, ముక్కు వెనక కండ పెరిగి దారి దాదాపు మూసేసిందని, టాన్సిల్స్ కూడా ఉబ్బి ఉన్నాయని, తీసేయాలని అన్నాడు. నిద్రలో ఊపిరి సరిగా అందక పిల్లవాడి ఎదుగుదల, చదువు, గుండె అన్నీ దెబ్బతింటాయన్నాడు. ఆపరేషను తర్వాత నజీరా గారు అంగిటికి ప్లేటు బిగించి దవడను మెల్లగా వెడల్పు చేస్తారట.

అమ్మ అడిగింది ఒకటే ప్రశ్న. గురక పోతుందా అని. పోవాలనే కదమ్మా చేసేది అన్నాడాయన. అమ్మ లేచి పిల్లవాడి చెయ్యి పట్టుకుని, "పదండి, మనం ఇక్కడ ఉండొద్దు," అంది.

ఇంట్లో యుద్ధం మొదలైంది. పళ్ళు కావాలంటే లోపలికి నెట్టుకోండి, గురక జోలికి మాత్రం రావద్దని అమ్మ తీర్పు చెప్పింది. ఆరేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన మనిషిని కోసి పంపించేస్తారా అంది. రాత్రి పూట తన కొంగు వాడి నడుముకి ముడేసుకుని పడుకునేది, ఎవరైనా ఎత్తుకెళ్ళి ఆపరేషను చేయించేస్తారేమోనని. మా లక్ష్మీకాంత్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి ఉంటే మధ్యలో కుర్చీ వేసుక్కూర్చునే రకం. అమ్మ ఊఁ అంటే సంతకం పెడతానన్నాడు. సింధూరి మాటలు మానేసింది. నేను మానలేదు. మూడు వారాలు నేను అనని మాట లేదు. పిచ్చి పట్టింది అన్నాను, పిల్లాణ్ని చంపుకుంటావు అన్నాను. అమ్మ వినేది, లేచి వెళ్ళి వాడికి కాఫీ కలిపేది.

ఒక సాయంత్రం వాణ్ని బడి బస్సు దగ్గర్నుంచి తీసుకొస్తున్నాను. మామూలుగా దారంతా వాగుతాడు. ఆ రోజు మాట్లాడలేదు. మలుపు దగ్గర ఆగి, తెరిచిన నోటితో ఊపిరి పీల్చుకుని అడిగాడు.

"అత్తా, ఆపరేషన్ చేస్తే నేను వెళ్ళిపోతానంట కదా. ఎక్కడికెళ్ళాలి?"

వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్ళి, వాడు ఏమడిగాడో అదే మాట వాడి ముందే చెప్పాను. ఇంకేమీ అనలేదు. అమ్మ పిల్లవాడి వంక చూసి, చూపు తిప్పుకుంది. ఆ పూట అన్నం తినలేదు.

పిల్లవాడి నిద్రను ఫోనులో తీసి చూపించమని నజీరా గారు ముందే అడిగి ఉన్నారు. సింధూరి తీసింది. మర్నాడు బయల్దేరుతుంటే అమ్మ చీర మార్చుకుని వచ్చింది. ఫోనుకేం తెలుస్తుంది, ముప్ఫై నాలుగేళ్ళు విన్నదాన్ని నేను చెబుతానంది. తన సాక్ష్యంతో డాక్టరమ్మ మనసు మారుతుందని ఆవిడ ధీమా. పిల్లవాడితో కలిపి అందరం ఒకే ఆటోలో ఇరుక్కుని వెళ్ళాం.

గురక మధ్యలో ఆగుతుందా అని డాక్టరుగారు అడిగారు.

"ఆగుతుందండీ. ఆ ఆగడం కూడా అచ్చం వారిదే," అంది అమ్మ గర్వంగా. "పదిహేను దాకా లెక్కపెడితే ఉలిక్కిపడి మళ్ళీ అందుకుంటారు. ఒక్కోసారి ఇరవై."

డాక్టరుగారు ఫోను బల్లమీద పెట్టి వీడియో నడిపించారు. గదినిండా గురక. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. తెరమీద పిల్లవాడి డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి, ఛాతీ ఎగిసిపడుతోంది, చప్పుడు మాత్రం లేదు. గాలి వెళ్ళడం లేదని మాలాంటివాళ్ళకి కూడా తెలిసిపోయింది. నేను అమ్మ వంక చూశాను. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. పదిహేడు దగ్గర పిల్లవాడు ఎగిరిపడి ఊపిరి అందుకున్నాడు.

"ఈ లెక్క ఎందుకు పెట్టేవారమ్మా మీరు?" అని నజీరా గారు మెల్లగా అడిగారు.

అమ్మ ఫోను మీంచి చూపు తిప్పలేదు.

"భయమేసి," అంది. "రోజూ భయమే. ఆఖరి రోజు కూడా పెట్టాను డాక్టరుగారూ. నలభై దాకా పెట్టాను. ఆ రోజు బాగా అలిసిపోయున్నాను. అందుకుంటార్లే అనుకున్నాను. నిద్రపట్టేసింది."

పుణ్యాత్ముడు, హాయిగా పోయాడు అన్నవాళ్ళందరి ముందూ పదేళ్ళు ఈవిడ నోరెత్తకుండా కూర్చున్నది ఇందుకా! ఆవిణ్ని నేను అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. లక్ష్మీకాంత్ గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. సింధూరి వెళ్ళి అమ్మ భుజం పట్టుకుంది.

నజీరా గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆ రోజు ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరని, ఒళ్ళలిసి నిద్రపోవడం తప్పు కాదని, అప్పట్లో అది జబ్బని ఎవరూ వాళ్ళకి చెప్పలేదని అన్నారు. అమ్మ ఆ మాటలు విన్నదో లేదో తెలీదు.

"అయితే ఆయన రాలేదన్నమాట," అంది.

"రాలేదమ్మా. వీడు మీ మనవడు. పోలికొచ్చింది, అంతే."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, సంతకం పెట్టరా కాంతూ అంది. లక్ష్మీకాంత్ గబగబా జేబులన్నీ వెతికి కలం తీశాడు. సంతకం పెట్టాల్సిన కాగితాలు ముక్కు డాక్టరు ఆస్పత్రిలో ఉన్నాయి. అయినా మూత తీసిన కలం పట్టుకునే ఆటో ఎక్కాడు.

ఆటోలో అమ్మ, "ఒరే నాన్నా, ఇటు జరుగు," అంది. పిల్లవాడు ఎవర్నంటోందా అని వెనక్కి తిరిగి చూశాడు. మర్నాడు కాఫీ రాలేదు, పాలొచ్చాయి. పేపరు తమ్ముడి చేతికి వెళ్ళింది. హోంవర్కు చెయ్యలేదని సింధూరి నడింట్లో నిలబెట్టి వీపు మీద ఒకటిచ్చింది. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. వాడి పదవి పోయింది పాపం, నాలుగు రోజులు మొహం వేలాడేసుకుని తిరిగాడు.

ఆపరేషను అయింది. గొంతు నొప్పి, జ్వరం, చల్లటి పెరుగన్నం, ఏడుపు అన్నీ పదిరోజులు. పళ్ళ ప్లేటు తర్వాత చూద్దాం, ముందు వాణ్ని తేరుకోనివ్వమన్నారు నజీరా గారు. రెండో వారం దాటాక గురక పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. అక్కా, వాడు బాగానే పడుకుంటున్నాడు, అమ్మే మూడు రాత్రులుగా కన్ను మూయలేదు, నువ్వొచ్చి పడుకోమని చెప్పు అన్నాడు.

ఆ రాత్రి వెళ్ళాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ టేబుల్ ఫ్యాను కూడా కట్టేసింది, ఊపిరి వినబడదని. పిల్లవాడు పక్కకు తిరిగి పడుకున్నాడు. పళ్ళు ఇంకా పెదాల మధ్య తొంగిచూస్తున్నాయి కానీ గాలి ముక్కులోంచే ఆడుతోంది. అమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని వాడి ఛాతీ మీద చెయ్యి వేసి ఉంది.

"పడుకోమ్మా, నేను చూస్తానుగా," అన్నాను.

"వద్దే. ఈసారి నిద్రపోను," అంది.

దుప్పటి ఒకటి తెచ్చి ఆవిడ భుజాల మీద కప్పాను. పక్కనే కూర్చున్నాను. నాకెప్పుడు నిద్ర పట్టిందో తెలీదు.

మెలకువ వచ్చేసరికి బాగా తెల్లారిపోయింది. అమ్మ కూర్చున్న చోటే మంచం పట్టె మీద తల ఆనించి నిద్రపోతోంది. చెయ్యి ఇంకా వాడి ఛాతీ మీదే ఉంది. వాడు లేచి ఉన్నాడు. ఎవరూ లేపకుండా లేచాడు, వాడి జన్మలో మొదటిసారి. కళ్ళు తెరుచుకుని, కదలకుండా వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బయట బడి బస్సు హారన్ కొట్టింది. సింధూరి టిఫిన్ డబ్బాతో గుమ్మంలోకి వచ్చి వాణ్ని పిలవబోయింది. వాడు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"నానమ్మ పడుకుంది. నేను కదిలితే లేస్తుంది."

బస్సు ఇంకో రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయింది. సింధూరి డబ్బా కింద పెట్టి గడప మీద కూర్చుండిపోయింది. తొమ్మిదిన్నర దాకా వాడు అలాగే ఉన్నాడు. ఆ రోజు నేను కూడా ఆఫీసుకి వెళ్ళలేదు.